అల్లుడా, బయానా ఇచ్చే ముందు ఇది చదువు

అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు పాత కారు కొంటున్నావని చెప్పింది. హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ దాకా బస్సులో నిలబడి వచ్చే పని ఇక లేదట, ఆమె సంబరం చూస్తే బండి అప్పుడే వాకిట్లో ఆగినట్టుంది. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు, పొద్దున చాయ్ హోటల్ కాడ నలుగురికి చెప్పాను కూడా. కానీ చివర్లో ఆమె ఒక మాట అన్నది, "ముందెప్పుడో కొంచెం గుద్దిందట అన్నా, అందుకే లక్షన్నర తక్కువకు ఇస్తున్నారు" అని. ఇక నాకు నిద్ర లేదు. కొంచెం గుద్దిన బండికి ఎవడన్నా లక్షన్నర తగ్గిస్తాడా? ఇంత చదివావు, ఆ లెక్క తెలియలేదారా నీకు?

కాగితాల సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. ఆర్సీ మీద బ్యాంకు పేరుంటే, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్సీలో ఆ పేరు కొట్టేయించే ఫారం 35 చేతికి రాకుండా ముట్టుకోకు. బండి నీ పేరు మీదికి మార్చే 29, 30 ఫారాలు నీ ముందే సంతకం పెట్టించు. చలాన్లు చూసుకో. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ నీ పేరు మీదికి మార్పించు.

పాత ఇన్సూరెన్స్ కాగితాలు మాత్రం రెండు మూడేళ్లవి అడిగి తీసుకో. క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు నడిస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతానికి వస్తుంది. ఏడేళ్ల బండికి అది సున్నా అని ఉంటే ఎందుకని అడుగు, వాడి మొహం చూస్తూ అడుగు. బాగుచేసే ఖర్చు ఐడీవీలో, అంటే ఇన్సూరెన్స్‌లో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే కంపెనీవాళ్లు దాన్ని టోటల్ లాస్ కింద రాసేస్తారు. అలాంటివి కూడా వేలంలో పోయి, టింకరింగ్ చేయించుకుని, పుట్టీ మీద పుట్టీ పెట్టించుకుని పెళ్లికొడుకులా తిరిగొస్తాయి.

ఇంత భయమెందుకు ఈయనకు అనుకుంటావు. చెప్తాను.

నువ్వు పుట్టిన ఏడు నేను రెండు బర్రెలమ్మి ఒక పాత వ్యాను కొన్నాను. అమ్మినాయన నీకు చెప్పిన మాటే చెప్పాడు, కొంచెం గుద్దింది, బంపర్ మార్చామని. రంగు మెరుస్తోంది, నేను బోల్తా పడ్డాను. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా తిప్పాను. వారానికే తెలిసింది, స్టీరింగ్ వదిలితే ఎడమకు గుంజుతోంది. నల్లగొండలో అలైన్‌మెంట్ చేయించాను, మళ్లీ గుంజింది. రెండోసారి పోతే ఆ పిల్లగాడు "అన్నా, ఇది కూర్చోదు, చాసిస్ వంగింది, అమ్మెయ్" అన్నాడు. వాణ్ని తిట్టి వచ్చాను. ఊరంతా తిప్పినోణ్ని, మోసపోయానని ఏ మొహంతో చెప్పను?

మిమ్మల్ని హైదరాబాద్ దవాఖాన నుంచి తెచ్చింది అదే వ్యానులో. అప్పుడది తొమ్మిదో నంబరు హైవే, ఇప్పటిలా నాలుగు లైన్లు లేవు. చిట్యాల దాటినాక ముందు ఎడమ టైరు పేలింది. బయట నుంచి చూస్తే కొత్తదే, లోపలి అంచు మాత్రం దారాలు తేలేదాకా అరిగిపోయింది, వంగి చూస్తే కదా తెలిసేది. బండి రోడ్డు దిగి తుమ్మచెట్టుకు తగిలింది. మీ అమ్మ నిన్ను రొమ్ముకు అదుముకుని ఒరిగింది, నీకు గీత కూడా పడలేదు. ఆమె ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం పైకి లేవదు చూడు, బావి కాడ జారిందని నీకు చెప్పి ఉంటుంది. అది అబద్ధం. మీ బాపు నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టం.

అందుకే చెప్తున్నా, ముందు టైర్ల లోపలి అంచు చెయ్యి పెట్టి తడిమి చూడు. బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయా చూడు, ఉంటే దాన్ని విప్పినట్టే. డోర్ రబ్బరు లాగితే కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరుసగా గుండ్రంగా కనిపించాలి, గజిబిజిగా ఉంటే అక్కడ కోసి అతికించారన్నట్టు. సీటు బెల్టు చివరిదాకా గుంజు, బురద మరక ఉంటే నీళ్లలో మునిగిన బండి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో నువ్వే ఫొటోలు పంపావు కదా. ఏసీ వేసి పాటలు పెట్టి నడిపిస్తారు, వద్దను. అద్దాలు దించి, అరవై స్పీడులో, ఖాళీ రోడ్డు మీద ఒక్క క్షణం స్టీరింగ్ వదులు.

లేదులే, నువ్వు వదలకు. నేనొస్తాను. ఆదివారం మొదటి బస్సుకు బయల్దేరి ఎల్బీనగర్‌లో దిగుతాను, టార్చిలైటు నేనే తెస్తాను. బండి బాగుంటే నేనే బేరమాడతాను, ఇంకో పదివేలు తగ్గిస్తాను. అప్పటిదాకా బయానా ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే దాచకు, తిట్టను.

చెయ్యి సంగతి నేను రాశానని మీ అమ్మకు చెప్పకు.

మీ మామ