తెల్లవారుజామున వచ్చే వాసన ఎక్కడిది?

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు వైపు ఒక పల్లె. ఊరి చివర కొబ్బరితోటల అవతల, చుట్టుపక్కల బావుల గ్యాస్ అంతా వచ్చి చేరే స్టేషన్ ఉంది. కొంతకాలంగా తెల్లవారుజామున కిరోసిన్ లాంటి వాసన, అప్పుడప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తున్నాయి. పొద్దెక్కితే తగ్గిపోతాయి. అక్కడివారిని అడిగితే సహజవాయువుకు అసలు వాసనే ఉండదంటున్నారు. నిజమేనా? దీనిని ఆపే మార్గం ఉందా?

జవాబు: వారు చెప్పినది సగమే నిజం. సహజవాయువులో అధికభాగమైన మీథేన్‌కు వాసన లేదు; ఇళ్లలో వాడే గ్యాస్‌కు వాసన రావడానికి కారణం, లీకైతే తెలియాలని అందులో కావాలని కలిపే మెర్‌కాప్టాన్ అనే గంధక పదార్థం. అయితే బావి నుంచి మీథేన్ ఒక్కటే పైకి రాదు. దానితోపాటు కండెన్సేట్ అనే తేలికపాటి నూనె, ఉప్పునీరు కూడా వస్తాయి. మీకు తెలుస్తున్న కిరోసిన్ వాసన బహుశా ఆ కండెన్సేట్ ఆవిరిదే. అందులో బెంజీన్ ఉండే అవకాశం ఉంది, బెంజీన్ క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థం. కాబట్టి దీనిని కేవలం ముక్కుకు ఇబ్బందిగా తీసిపారేయకూడదు.

కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. అది గ్యాస్‌తోపాటు రావచ్చు, లేదా గాలి తగలకుండా నిలవ ఉన్న వ్యర్థజలంలో సూక్ష్మజీవుల వల్ల కూడా పుట్టవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. గాలిలో పది లక్షల భాగాలకు ఆ వాయువు సుమారు 100 భాగాలు చేరితే, కొద్ది నిమిషాల్లోనే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుంది. ఘాటుగా వచ్చిన వాసన హఠాత్తుగా మాయమైతే ప్రమాదం తప్పిందని అనుకోకుండా, గాలి వీచే దారికి అడ్డంగా దూరంగా వెళ్ళిపోవాలి.

తెల్లవారుజామునే ఎక్కువగా ఉండడానికి కారణం వాతావరణం. రాత్రి నేల చల్లబడినప్పుడు చల్లని గాలి కిందనే నిలిచిపోతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా ఉంటుంది. గాలి కన్నా బరువైన ఈ ఆవిర్లు పల్లపు ప్రాంతాల్లో పేరుకుని ఉండి, ఎండ ఎక్కిన తరువాత చెదిరిపోతాయి.

ఇక నివారణ. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న కండెన్సేట్‌ను మామూలు ట్యాంకులోకి వదిలినప్పుడు, గోలీసోడా కొట్టగానే నురుగు పొంగినట్లు, అందులో కరిగి ఉన్న గ్యాస్ బయటికి వచ్చేస్తుంది. దానికి దారి ఇవ్వడానికి ట్యాంకు పైన గొట్టం ఉంటుంది, మట్టం కొలవడానికి తెరిచే మూత కూడా ఉంటుంది. టేపు దించి కొలిచినవారు ఆ మూతను సరిగా బిగించకపోయినా, దాని కింది రబ్బరు ఎండి పగిలినా, రోజంతా ఆవిరి పోతూనే ఉంటుంది. అందువల్ల మొదట చూడవలసినది ఆ మూతనే. రెండవది, ఆ ఆవిరిని పట్టి కంప్రెసర్‌తో తిరిగి గ్యాస్ లైనులోకి పంపే యంత్రం. పోయే గ్యాస్ అమ్ముడుపోయే సరుకే కనుక, ఆవిరి తగినంత ఉన్న చోట ఆ ఖర్చు చాలావరకు తిరిగి వస్తుంది. వాల్వులు, ఫ్లాంజీలు (పైపులను బిగించి కలిపే అంచులు), కంప్రెసర్ల సీళ్ళ దగ్గర కంటికి కనబడని లీకులను పరారుణ కెమెరాతో చూస్తే అవి పొగలా కనిపిస్తాయి. వ్యర్థజలాన్ని తెరిచిన గుంటల్లో కాక మూసిన ట్యాంకుల్లో ఉంచాలి. సువాసన ద్రావణాలు చల్లడాన్ని నేను సమర్థించను, ఎందుకంటే అవి లీకును ఆపవు, ప్రజలకున్న ఒక్క హెచ్చరికను మాత్రం కప్పిపుచ్చుతాయి.

వాసన లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండలేమనడానికి మీ ప్రాంతమే సాక్ష్యం. ఊళ్ళ మధ్య నుంచి పోయే పెద్ద పైపులైన్లలో గ్యాస్‌కు సాధారణంగా మెర్‌కాప్టాన్ కలపరు. 2014 జూన్ 27న కోనసీమలోనే నాగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. నీరు, కండెన్సేట్ కలిసిన గ్యాస్ వల్ల పైపు లోపల తుప్పు పట్టిందన్నది ఆ తరువాత బయటపడిన ప్రధాన కారణం. లీకుల తనిఖీని వాసన మీద ఫిర్యాదు వచ్చేదాకా ఆపకూడదని అందుకే గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: స్టేషన్‌లో రాత్రింబవళ్ళు మంట మండుతూనే ఉంటుంది. దానిని పూర్తిగా ఆర్పించమని అడగవచ్చా?

జవాబు: మంటను మాత్రం ఆర్పి గ్యాస్‌ను అలాగే వదిలితే మరింత నష్టం. 20 ఏళ్ళ లెక్కలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైబడి ఉంటుంది, పైగా మండని హైడ్రోజన్ సల్ఫైడ్ నేరుగా ఊరి మీదికి వస్తుంది. అడగవలసినది మండించే అవసరమే తగ్గేలా గ్యాస్‌ను లైనులోకి మళ్ళించమని. అప్పటిదాకా మంట సరిగా మండాలి. నల్లటి పొగ వస్తుంటే గాలి చాలడం లేదని అర్థం. మంటలోకి గాలినిగాని నీటి ఆవిరినిగాని పంపితే అది తగ్గుతుంది. 98 శాతం గ్యాస్ కాలిపోతుందని లెక్కలు వేస్తుంటారు, కానీ అమెరికా చమురు క్షేత్రాల మీద విమానంతో కొలిచి 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఆరిపోయిన మంటలను కూడా కలుపుకుంటే అది సుమారు 91 శాతమేనని తేలింది.

మన దేశంలోనూ చమురు, గ్యాస్ వెలికితీతకు పర్యావరణ పరిరక్షణ నియమాల కింద ప్రమాణాలు ఉన్నాయి. గ్యాస్‌ను మండించకుండా గాలిలోకి వదలకూడదు. ఎత్తైన మంటకు గొట్టం కనీసం 30 మీటర్లు ఉండాలి. పంటకు హాని జరిగే చోట నేల మీది మంటను ఎంచుకుంటే, చుట్టూ కనీసం 5 మీటర్ల గోడ కట్టాలి. వ్యర్థాలను గుంటల్లో తగలబెట్టకూడదు.

ప్రశ్న: ఫిర్యాదు ఎవరికి, ఎలా రాయాలి?

జవాబు: కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. "వాసన వస్తోంది" అని మాత్రమే రాస్తే అధికారి పగటిపూట వచ్చి ఏమీ లేదని వెళ్ళిపోతారు. అందుకని తేదీ, సమయం, గాలి వచ్చిన దిక్కు, వాసన తీరు, ఎవరికైనా తలనొప్పి లేక కళ్ళ మంట వచ్చిందా అన్నవి కొన్ని వారాలపాటు ఒక పుస్తకంలో రాసి, నకలు జతచేసి, తెల్లవారుజామునే తనిఖీకి రమ్మని కోరండి. పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టు ప్రతి సంవత్సరం జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలని పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 2006 నాటి ప్రకటన చెబుతోంది. అవి ప్రజలు చూడదగిన పత్రాలే. మీ స్టేషన్ నివేదికను అడిగి తీసుకుని, మీ పుస్తకంలోని తేదీలతో పోల్చి చూడండి. మండలి స్పందించకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనాన్ని ఆశ్రయించవచ్చు.