భార్య నగలు తాకట్టు పెట్టి మొదటి సినిమా తీయొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. వయసు 31. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి 46,000 వస్తుంది. ఇంటి ఖర్చు 31,000. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. 3.5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్నాయి. సినిమా తీయాలన్నది చిన్నప్పటి కోరిక. స్నేహితుడితో కలిసి గంటన్నర కథ రాసుకున్నాను, 12 లక్షలవుతుందని లెక్క తేలింది. డిపాజిట్ తీసేసి, 6 లక్షలు పర్సనల్ లోన్, నా భార్య నగల మీద 2.5 లక్షలు తెచ్చి, ఆరు నెలలు ఉద్యోగం మానేసి తీద్దామనుకుంటున్నాను. ఇది సరైన పనేనా?

జవాబు: సినిమా తీయండి. ఈ పద్ధతిలో మాత్రం వద్దు.

ముందు మీ లెక్కే చూద్దాం. ఆరు నెలలు జీతం రాకపోతే ఇల్లు గడవడానికి 1,86,000 కావాలి. అది మీ 12 లక్షల్లో ఎక్కడా లేదు. 6 లక్షల లోన్ 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు దొరికిందనుకుంటే నెల వాయిదా దాదాపు 16,400, వడ్డీ కిందే సుమారు 1,87,000 పోతుంది. ఇవి కలిపితే ఖర్చు 15.7 లక్షలు దాటింది. నగల మీద వడ్డీ ఇంకా కలపలేదు. తిరిగి ఉద్యోగం దొరికి ఇదే జీతం వచ్చినా నెలకు మీకు మిగిలేది 15,000. వాయిదాకే చాలదు.

నగల సంగతి వేరే చెప్పాలి. ఉత్తరం మొత్తంలో మీ భార్య ఏమన్నారో ఒక్క ముక్క రాయలేదు. అవి ఆవిడవి. గడువులో విడిపించకపోతే వేలానికి వెళ్లేవీ అవే. మొదటి సినిమా డబ్బు తిరిగి తెస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి పోయినా ఇల్లు కదలని డబ్బే అందులో పెట్టాలి. నగలు ఆ కోవలోకి రావు.

మరి ఏ డబ్బు వస్తుంది? మీ 3.5 లక్షల్లో 1,86,000 ఆరు నెలల ఇంటి ఖర్చు కింద డిపాజిట్‌లోనే ఉంచండి. మిగిలిన 1,64,000లో లక్ష సినిమాకు తీయండి. 64,000తో కుటుంబానికి ఆరోగ్య బీమా, మీ పేరున టర్మ్ పాలసీ (మీరు పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ముందు అవి కట్టండి. ఆ లక్షతో గంటన్నర సినిమా రాదు, పదిహేను నిమిషాలది వస్తుంది. మీకు ఇప్పుడు కావలసింది అదే. ఉద్యోగం మానకుండా నాలుగు ఆదివారాల్లో తీసేలా రాసుకోండి.

లక్షను ఇలా పంచుతాను: షూటింగ్ రోజులకు 45,000, ఎడిటింగ్‌కూ సౌండ్‌కూ 35,000, హార్డ్ డిస్కులకు 10,000, వానకు 10,000. వానకు అన్నది ఊరికే చెప్పలేదు. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి తుపాను ఎప్పుడొస్తుందో తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా ఊడ్చేసిందో మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. షూటింగ్ డిసెంబరు తర్వాతే పెట్టుకోండి.

ఆ 35,000ను మొదటి షాట్‌కు ముందే వేరే ఖాతాలో వేసి, డెబిట్ కార్డు మీ భార్యకు ఇచ్చేయండి. నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒకాయన షూటింగ్ మొత్తం పూర్తి చేశారు. చివరి రోజు భోజనాల బిల్లు కట్టేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఎడిటింగ్‌కూ డబ్బింగ్‌కూ డబ్బులేక హార్డ్ డిస్కులు రెండేళ్లుగా బీరువాలోనే ఉన్నాయి. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. సగంలో ఆగిన సినిమాకు అయిన ఖర్చు తక్కువేం కాదు, చూపించుకోవడానికి మాత్రం ఏమీ ఉండదు.

కొత్తవాళ్లు కెమెరా దగ్గర ఉదారంగా ఉంటారు, సౌండ్ దగ్గర పిసినారితనం చూపిస్తారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే లేచిపోతారు. ఆర్కే బీచ్‌లో సీను రాసుకుంటే ఖర్చు లేదనిపిస్తుంది. కానీ అల హోరు ఒక షాట్‌లో ఒకలా, ఇంకో షాట్‌లో ఇంకోలా పడుతుంది. రెంటినీ అతికిస్తే అతకదు. చివరికి నటులను మళ్లీ పిలిచి డబ్బింగ్ చెప్పించాలి, స్టూడియో అద్దె కట్టాలి. అదే సీను మీ ఇంటి వంటగదిలో, ఫ్యాను ఆపి, మంచి మైకు పెట్టి తీస్తే ఆ ఖర్చే ఉండదు. బీచ్ కావాలంటే మాటల్లేని సీను రాసుకోండి. పోలీసు అనుమతి ముందే తీసుకోండి. డ్రోన్ ఆలోచన మానుకోండి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు మనది, అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది.

రోజులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. పన్నెండు మందికి టిఫిను, భోజనాలు, టీలు మనిషికి 300 వేసుకున్నా రోజుకు 3,600. దాని మీద కెమెరా, లైట్ల అద్దె, ఆటోలు. అందుకే ఒకే ఇంట్లో, ఒకే వీధిలో జరిగే కథ రాయమంటాను. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ మన ఊరి పేటలోనే, ఎక్కువగా అక్కడి మనుషులతోనే తీశారు. నటుల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయం రంగస్థల కళల విభాగంలో అడిగి చూడండి. డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఎడిటింగ్ మీరే నేర్చుకోవచ్చు. దాని కోసం లక్షన్నర ఫీజు కట్టి కోర్సులో చేరక్కర్లేదు. ఈలోగా రెండు మూడు ఆదివారాలు వేరేవాళ్ల షార్ట్ ఫిల్మ్‌కు క్లాప్ కొట్టడానికైనా వెళ్లండి.

నెలనెలా మిగిలే 15,000లో పెద్ద సినిమాకు ఈ నెల నుంచే 10,000 రికరింగ్ డిపాజిట్ కట్టండి. మూడేళ్లకు వడ్డీ కాక 3.6 లక్షలవుతుంది. మిగిలిన 5,000 పాప చదువుకు. అప్పటికి మీ కథను 12 లక్షల నుంచి నాలుగైదు లక్షలకు ఎలా దించాలో షార్ట్ ఫిల్మే నేర్పి ఉంటుంది. ఓటీటీ వాళ్లు కొంటారని ఆదాయం కాలమ్‌లో ఏ అంకె వేయొద్దు, అక్కడ సున్నా రాయండి. థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, దాని ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఆ ఖర్చూ రాసుకోండి.

స్నేహితుడితో కాగితం ఇప్పుడే రాసుకోండి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సినిమాకు హక్కుదారు నిర్మాత. కథ హక్కు మాత్రం రాసినవాళ్లది, అది రాతపూర్వకంగానే బదిలీ అవ్వాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. ఎవరైనా డబ్బు పెడతామంటే అది అప్పా, లాభంలో వాటానా అన్నది ఆ రోజే తేల్చుకోండి. అప్పయితే 20,000, ఆపైన నగదుగా తీసుకోకూడదు, బ్యాంకు ద్వారానే తీసుకోండి.

షార్ట్ ఫిల్మ్‌కు పెట్టే ప్రతి రూపాయీ ఒక నోటు పుస్తకంలో రాయండి, టీ డబ్బులతో సహా. పూర్తయ్యాక ఆ పుస్తకం పేజీలు నాకు పంపండి. పెద్ద సినిమా బడ్జెట్ దాన్ని పక్కన పెట్టుకునే వేద్దాం.