సందేహాలు – సమాధానాలు: హాంబర్గర్‌లో హామ్ ఉందా?

ప్రశ్న: మేము శాకాహారులం. మొన్న మనవడు బర్గర్ కావాలంటే మా వారు వద్దన్నారు. “హామ్ అంటే పంది మాంసం, హాంబర్గర్ అని పేరులోనే ఉంది కదా” అని ఆయన వాదన. “నేను అడిగింది వెజ్ బర్గర్” అని వాడి వాదన. అసలు వెజ్ బర్గర్ అనడం తప్పు ప్రయోగం కాదా? దీనికి తెలుగు మాట ఏదైనా ఉందా? బర్గర్ అని రాయాలా, బర్గరు అని రాయాలా? – ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ మనవడి మాటే సరైనది. మీ వారి అనుమానం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళే ఇక్కడ తడబడ్డారు. బ్రిటన్‌లో దీన్ని బీఫ్‌బర్గర్ అని కూడా అంటారు. హామ్ లేని వంటకానికి హామ్‌తో మొదలయ్యే పేరు వాళ్ళకూ ఇబ్బందిగానే అనిపించింది.

చిక్కంతా మాటను ఎక్కడ విడదీయాలన్న దగ్గర వచ్చింది. మనం ‘హామ్ + బర్గర్’ అని విడదీస్తున్నాం. అసలు విరుపు ‘హాంబుర్గ్ + ఎర్’. హాంబుర్గ్ జర్మనీలో ఎల్బే నది మీద ఉన్న పెద్ద ఓడరేవు. ‘ఎర్’ జర్మన్ ప్రత్యయం. ఊరి పేరుకు చేరితే ‘ఆ ఊరివాడు’, ‘ఆ ఊరిది’ అనే అర్థం ఇస్తుంది. బెర్లిన్ మనిషి బెర్లినర్. ఫ్రాంక్‌ఫర్ట్ సాసేజి ఫ్రాంక్‌ఫర్టర్. అలాగే హాంబుర్గ్‌ది హాంబర్గర్. మనం ‘బందరువాడు’, ‘గుంటూరుది’ అంటామే, అదే పద్ధతి. ఇందులో పంది మాంసం ప్రసక్తే లేదు.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. నంద్యాల జిల్లాలో బనగానపల్లె అనే ఊరుంది. ఆ ఊరి పేరుతో వచ్చిన మామిడిని బంగినపల్లి అంటున్నాం. ‘మామిడి’ అన్న మాట కూడా వదిలేసి, ‘ఈసారి బంగినపల్లి బాగా కాసింది’ అంటాం. తెలుగు రానివాడెవరైనా తెలంగాణలో పల్లీలంటే వేరుసెనగలని విని, ‘బంగినపల్లిలో పల్లీలు ఉంటాయా?’ అని అడిగాడనుకోండి. అది హాంబర్గర్‌లో హామ్ వెతకడం లాంటిదే. ఇంకొకడు ‘పల్లి’ అంటేనే మామిడి అనుకుని, రసాలను ‘రసపల్లి’ అన్నాడనుకోండి. మనం నవ్వుతాం. కానీ ఇంగ్లీషులో అచ్చంగా ఇదే జరిగింది. నవ్వి వదిలేయకుండా దాన్ని వాడుకలో పెట్టుకున్నారు.

అదెలాగో చెప్పేముందు ‘బుర్గ్’ గురించి రెండు మాటలు. ఈ మాటకు కోట అని అర్థం. 9వ శతాబ్దంలో అక్కడ కట్టిన హమ్మాబుర్గ్ అనే కోట వల్లే హాంబుర్గ్‌కు ఆ పేరు వచ్చింది. జోహానెస్‌బర్గ్, పీటర్స్‌బర్గ్ పేర్లలో ఉన్నదీ ఇదే. ‘దుర్గం’ లాగే వినిపిస్తుంది, అర్థమూ కలిసింది కాబట్టి రెండూ ఒకటేనని కొందరు అంటుంటారు. అది పొరపాటు. దుర్గం అంటే ‘వెళ్ళడానికి కష్టమైనది’. దాని ధాతువు వేరు. బుర్గ్‌కు సంస్కృతంలో చుట్టం ‘బృహత్’. ఎత్తు అనే అర్థమున్న పాత ధాతువు నుంచి ఈ రెండూ వచ్చాయని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన మాటలకు చుట్టరికం కలపకూడదు.

ఇక వంటకం సంగతి. 19వ శతాబ్దంలో లక్షలాది మంది హాంబుర్గ్ రేవులో ఓడ ఎక్కి అమెరికా వలస వెళ్ళారు. మనం ఖీమా అంటామే, అలా సన్నగా తరిగిన గొడ్డుమాంసాన్ని ముద్దచేసి వండితే దానికి అక్కడ ‘హాంబర్గ్ స్టేక్’ అని పేరు వచ్చింది. దాన్ని మొదట రొట్టె మధ్య పెట్టింది ఎవరన్న దాని మీద ఇప్పటికీ పోటీ ఉంది. విస్కాన్సిన్‌లోని సీమోర్‌లో 1885లోనే జరిగిందంటారు. కాదు, అదే ఏడు న్యూయార్క్ రాష్ట్రంలో హాంబర్గ్ అనే ఊరి సంతలో అంటారు ఇంకొందరు. కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌వాళ్ళు 1900లో మా ఊళ్ళో అంటారు. ఏదీ గట్టి రుజువుతో నిలబడలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఈ పేరుకు గండం వచ్చింది. 1917లో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగాక జర్మన్ పేర్లంటే జనానికి గిట్టలేదు. హాంబర్గర్‌ను ‘లిబర్టీ స్టేక్’ అని పిలవబోయారు. యుద్ధం అయిపోయింది, ఆ పేరూ పోయింది. నోటికి అలవాటైన మాటను కోపంతో మార్చబోతే అది ఎక్కువకాలం నిలవదు.

బర్గర్‌కు అసలు ఆదరణ 1921 తర్వాత వచ్చింది. అంతకుముందు ఖీమా మాంసం అంటే అమెరికావాళ్ళకు నమ్మకం తక్కువ. మాంసం కర్మాగారాల మురికి గురించి 1906లో పెద్ద గొడవే అయింది. 1921లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో వైట్ కాజిల్ అనే దుకాణం మొదలైంది. గోడలు తెల్లగా పెట్టి, వంట కళ్ళెదుటే చేసి, ఒక్కోటి 5 సెంట్లకు అమ్మారు. ఆ పేరుకు అర్థం ‘తెల్ల కోట’. బుర్గ్ అంటే కోట అని తెలిసి పెట్టిన పేరేమీ కాదు గానీ, నాకు ఈ కలయిక భలే ఇష్టం. తర్వాత 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటల్లో కొన్ని రకాలే ఉంచి, వేగంగా చేసి, 15 సెంట్లకు ఇచ్చారు. 1955 నుంచి రే క్రాక్ అనే వ్యాపారి దాన్ని ఊరూరికీ తీసుకెళ్ళాడు.

మాటలో మార్పు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. చీజ్ పెట్టినదాన్ని ‘చీజ్ హాంబర్గర్’ అనాలి. జనం ‘చీజ్‌బర్గర్’ అన్నారు. అంటే ‘హామ్’ను విడి మాటగా భావించి తీసేసి, మిగిలిన ‘బర్గర్’కు ఆ వంటకం అర్థమే ఇచ్చేశారు. ఊరి పేరులో సగానికి ఒక ప్రత్యయం తగిలించిన ముక్క సొంతకాళ్ళ మీద నిలబడింది. ఇలాంటి మాటను మనం రోజూ వాడుతున్నాం. అది ‘బస్సు’. లాటిన్‌లో ‘ఓమ్నిబుస్’ అంటే ‘అందరికీ’. అందులో ‘బుస్’ కేవలం విభక్తి ప్రత్యయం. మన ‘కి’ లాంటిది. ఆ చివరి ముక్కే బండి పేరైంది. మనం దానికి ఉకారం చేర్చి సొంతం చేసుకున్నాం. బస్సు తప్పు కానప్పుడు బర్గర్ కూడా తప్పు కాదు.

కాబట్టి వెజ్ బర్గర్ నిర్దోషమైన ప్రయోగం. మన దేశంలో ఇది మరీ సహజం. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడు గొడ్డుమాంసం, పంది మాంసం రెండూ పెట్టలేదు. ఆలూ టిక్కీ బర్గర్‌తోనే చాలామందికి ఈ మాట పరిచయమైంది. అయితే ‘వెజ్ హాంబర్గర్’ అనకండి. అమెరికాలో హాంబర్గర్ అంటే ఇప్పటికీ గొడ్డుమాంసమే. వట్టి ఖీమాను కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. అక్కడున్న మనవాళ్ళ పిల్లలు మనం చికెన్ బర్గర్ అనేదాన్ని చికెన్ శాండ్‌విచ్ అంటారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు.

తెలుగు మాట కల్పించాలా అంటే, నా ఉద్దేశం అక్కర్లేదనే. ‘ఖీమా రొట్టె’ అంటే మీ ఆలూ బర్గర్‌కు సరిపోదు. ‘నడిమి ముద్ద రొట్టె’ లాంటివి ఎవరి నోటా నిలవవు. పూరీ, కాఫీ, కేకు ఎలా మనవయ్యాయో ఇదీ అలాగే.

రాతలో బర్గర్, బర్గరు రెండూ ఒప్పే. తెలుగు మాట అచ్చుతో ముగియడం సహజం కాబట్టి కారు, డాక్టరు లాగా బర్గరు అని రాయడం నాకు ఇష్టం. బహువచనం బర్గర్లు. ఊరు ఊళ్ళు అయినట్టు ఇది ‘బర్గళ్ళు’ కాదు, కార్లు, డాక్టర్లు వరసలోదే. మొదటి అక్షరం హాం అని రాసినా, హ్యాం అని రాసినా తప్పు లేదు. ‘వచ్చాడు’ అన్నప్పుడు ‘చా’లో మనం పలికే అచ్చు లాంటిదే ఇంగ్లీషువాళ్ళు అక్కడ పలుకుతారు. దానికి మన లిపిలో విడిగా అక్షరం లేదు. ఊరి పేరు రాయాల్సి వస్తే మాత్రం జర్మన్లు పలికినట్టు హాంబుర్గ్ అని రాయండి.