లెన్సులు ఎప్పుడు తీశావని అడుగుతారు

అమ్మలూ,

నువ్వు కళ్ళజోడు వదిలించుకోవడానికి స్మైల్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కళ్ళజోడు లేకపోతే గోడ గడియారం కూడా కనబడని పిల్లవి, నీ అంతట నువ్వే డాక్టర్‌తో మాట్లాడి రోజు ఖాయం చేసుకున్నావంటే ముచ్చటేసింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నాకు చేసింది లాసిక్. కార్నియా, అంటే కంటి ముందుండే అద్దంలాంటి పొర, దాని పైభాగాన్ని గుండ్రంగా కోసి, మూతలా ఎత్తి, కింద లేజర్ కొట్టి మళ్ళీ కప్పేశారు. నీకా మూత ఉండదు. లేజర్ లోపలే పల్చటి బిళ్ళ కోస్తుంది, దాన్ని రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందులోంచి లాగేస్తారు. కంటికి లేజర్ పట్టేది అర నిమిషం లోపే. అందుకని ఆపరేషన్ గురించి నాకు టెన్షన్ లేదు. నా భయమంతా దానికి ముందు తీసే కొలతల గురించే.

ఏడాదిగా పవర్ మారకపోతేనే చేయించుకో. తర్వాత కళ్ళు నలపకు. చుక్కల మందు టైముకి వేసుకో. ఇవన్నీ వాళ్ళే చెబుతారు.

కాంటాక్ట్ లెన్సులు ఎప్పుడు తీశావని కూడా అడుగుతారు. నన్నూ అడిగారు. "రెండు వారాలైందండీ" అన్నాను. నిజానికి మూడు రోజులే. ఆఫీసులో నన్ను సోడాబుడ్డి కళ్ళద్దాల్లో చూసినవాళ్ళు లేరు మరి! లెన్సు కార్నియాను నొక్కి ఉంచుతుంది. తీశాక అది తన ఆకారానికి రావడానికి మెత్తటి లెన్సులకే వారం, రెండు వారాలు ఆగమంటారు, గట్టివాటికి ఇంకా ఎక్కువ. అంటే ఆ రోజు మెషిన్ కొలిచింది నా కంటి అసలు ఆకారాన్ని కాదు.

మొదటి వారం గాల్లో తేలాను. తర్వాత చూస్తే 0.75 పవర్ మిగిలిపోయింది, రాత్రి ప్రతి దీపానికీ ముళ్ళు మొలిచాయి. పాపం ఆ డాక్టర్ తన లెక్కలన్నీ నా ముందే మళ్ళీ తిరగేశారు. నేను నోరు విప్పలేదు. కార్నియా మొత్తం మందమే అర మిల్లీమీటరు, నాకు మిగిలింది తక్కువ, మళ్ళీ లేజర్ కుదరదన్నారు. లెన్సుల వల్లే ఇలా అయిందని తేల్చి చెప్పినవాళ్ళు లేరులే. నాకు మాత్రం అనుమానం లేదు. రాత్రిపూట బండి నడపనంటే వయసైపోయిందని నవ్వుతారు చూడు, అది వయసు కాదు. మీ అమ్మకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ఇంకొకటి. స్కాన్ చూసి కార్నియా పల్చగా ఉంది, ఆకారం బాగాలేదు, వద్దు అంటే బతిమాలకు. ఒప్పుకునే డాక్టర్ కోసం వెతక్కు. అలాంటి కంటికి లేజర్ చేస్తే కార్నియా ముందుకు ఉబికి, ఉన్న చూపుకే ఎసరు వస్తుంది. వాళ్ళు వద్దన్న రోజు నా దగ్గరకొచ్చి ఏడువు, ఏమీ అనను.

ఆపరేషన్‌కి ముందు కొలతల కాగితాలు ఫోటో తీసి నాకూ పంపు. మొన్న శుక్లం చూపించుకోవడానికి వెళితే, లోపల వేసే లెన్సు పవర్ లెక్కకు పాత కొలతలు ఉన్నాయా అని అడిగారు. నా దగ్గర ఉంటే కదా! నీ బీరువా సంగతి నాకు తెలుసు, అందుకే పంపమంటున్నాను.

ఆ రోజు నేనొస్తాను, చుక్కలు నేనే వేస్తాను. ఈలోగా నీ లెన్సుల డబ్బా తీసుకెళ్ళి మీ అమ్మ చేతికి ఇచ్చెయ్.

మీ పెద్దమ్మ