చెప్పు జారినా తెలియకపోతే అది వయసు ఒక్కటే కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 71 ఏళ్లు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. నాలుగైదేళ్లుగా నడుము, మెడ పట్టేసినట్టు ఉంటున్నాయి. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషంతా తిరుగుతాడు. ఆరు నెలలుగా నడకలో తూలుతున్నాడు, నడుస్తుండగా కాలి నుంచి చెప్పు జారిపోయినా గమనించడం లేదు. బీపీ మాత్రలు వాడుతున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే మూడు రోజులు హుషారుగా ఉంటాడు, తర్వాత మళ్లీ మామూలే. పట్నం రమ్మంటే "వయసైతే ఇంతే గదా బిడ్డా" అంటాడు. ఇది వయసు వల్లేనా? హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంచుకోవాలా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపినది నడుము నొప్పి కాదు, చెప్పు జారిపోవడం. డెబ్బై దాటిన రైతుకు నడుము, మోకాళ్లు నొప్పి పెట్టడం సహజమే. కాలి నుంచి చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం మాత్రం వయసుతో వచ్చే మార్పు కాదు. పాదాల నుంచి మెదడుకు వెళ్లవలసిన స్పర్శ ఎక్కడో దారిలో ఆగిపోతోందని దాని అర్థం. షుగర్ వల్ల, బి12 విటమిన్ లోపం వల్ల కూడా ఇలా జరగవచ్చు కనుక ఆ పరీక్షలు తప్పనిసరి. అయితే మెడ, నడుము బిగుసుకుపోవడం, మీది మర్రిగూడ ప్రాంతం కావడం చూస్తే, ఎముకల ఫ్లోరోసిస్ వల్ల వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని నేను ముందుగా అనుమానిస్తాను.

ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీరు ఏళ్ల తరబడి తాగినవారిలో అది ఎముకల్లోనూ, ఎముకలను కలిపే స్నాయువుల్లోనూ పేరుకుంటుంది. మెత్తగా సాగవలసిన స్నాయువులు క్రమంగా గట్టిపడి ఎముకలా మారిపోతాయి. మెడ తిప్పవలసిన చోట మనిషంతా తిరగడం అందువల్లే. వెన్నెముక లోపలి దారి కూడా ఇలాగే ఇరుకైతే వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లు బిర్రబిగుస్తాయి, తిమ్మిర్లు వస్తాయి, నడక అదుపు తప్పుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి. మీ ప్రాంతంలోని బోర్లలో చాలావాటిలో అది ఎన్నో ఏళ్లపాటు ఇంతకు మించే ఉండేది.

పళ్లు చూసి ఒక నిర్ణయానికి రావద్దు. చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్లలోపు, ఆ నీళ్లు తాగినవారికే పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. కృష్ణ ఒడ్డు పల్లె నుంచి కోడలిగా వచ్చిన ఇల్లాలి పళ్లు తెల్లగానే ఉండవచ్చు, కానీ ఆమె ఎముకలు మాత్రం నలభై ఏళ్లుగా మీ ఊరి నీళ్లే తాగాయి. కాబట్టి మీ అమ్మగారికి కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

ఇక సూది సంగతి. మూడు రోజుల హుషారు ఇచ్చే సూదుల్లో సాధారణంగా డైక్లోఫినాక్ వంటి నొప్పి మందో, స్టెరాయిడో, రెండూనో ఉంటాయి. ఊళ్లో అర్ధరాత్రి తలుపు తడితే వచ్చే మనిషి ఆర్‌ఎంపీయే కనుక ఆయన మీద నాకు కోపం లేదు. అయితే ఈ వ్యవహారంలో ఒక చిక్కుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా మూత్రపిండాలే. నొప్పి మందులు తరచూ వాడితే ఆ మూత్రపిండాలే దెబ్బతింటాయి. బీపీ మాత్రలు వాడేవారికి, ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. రాత్రి మంచం దిగి బయటికి వెళ్లడం కష్టమని పెద్దవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తుంటారు, అది కూడా గమనించండి. నొప్పి తగ్గించడానికి వేసే సూది చివరికి ఆ నొప్పికి మూలమైన ఫ్లోరైడ్‌నే ఒంట్లో మరింతగా నిలవ చేస్తుందన్నమాట. అలాగని అన్నీ ఒక్కసారిగా ఆపేయకండి. స్టెరాయిడ్ చాలాకాలం వాడి హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఏ సూది వేస్తున్నారో సీసా పేరు అడిగి రాసుకోండి, మానేయడం ఎలాగో డాక్టర్ చెబుతారు.

నీళ్ల విషయంలో ఒక పొరపాటు చాలా ఇళ్లలో చూస్తున్నాను. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వాడతారు, పప్పు బాగా ఉడుకుతుందనో, చాయ్ రుచిగా ఉంటుందనో వంటకు మాత్రం బోరు నీళ్లే పోస్తారు. అన్నంలో, పప్పులో, చాయ్‌లో కడుపులోకి వెళ్లేది కూడా ఆ ఫ్లోరైడే. కాచితే ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. వంటకూ తాగడానికీ భగీరథ నీళ్లే వాడండి, అవి రాని రోజుల కోసం మంచి నీళ్లు నిలవ పెట్టుకోండి. చాయ్ ఆకులోనే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది కనుక రోజుకు నాలుగైదు సార్లు తాగే అలవాటుంటే తగ్గించాలి. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ఆకుకూరలు, ఉసిరికాయ, జామపండు ఆయన తినే వాటిలో ఉండేటట్టు చూడండి. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను తీసివేసే మందు ఏదీ లేదు. అలా అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

చేయవలసిన పని వారం లోపలే మొదలు కావాలి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్‌కు చూపించి, వెన్నెముకకూ ముంజేతికీ ఎక్స్‌రే తీయించండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి కనిపిస్తే అది ఫ్లోరోసిస్‌కు మంచి ఆధారం. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), షుగర్, బి12 చూడాలి. నడక తూలుతోంది కనుక మెడకు, నడుముకు ఎంఆర్‌ఐ కూడా అవసరమే. దానికోసం, తర్వాతి వైద్యం కోసం బీబీనగర్ ఎయిమ్స్‌కు గానీ హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికి గానీ పంపితే వాయిదా వేయకండి. వెన్నుపాము మీద ఒత్తిడి తేలితే కొందరికి ఆపరేషన్ మేలు చేస్తుంది, అయితే కాళ్లు పూర్తిగా పడిపోయాక చేసే ఆపరేషన్‌కు అంత ఫలితం ఉండదు. మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, చేతుల్లో పట్టు తప్పి అంగీ గుండీలు పెట్టుకోలేకపోయినా అదే రోజు 108కు ఫోన్ చేసి తీసుకెళ్లండి. ఖర్చు గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఆరోగ్యశ్రీ కార్డుతో కలవండి. వైకల్యం 40 శాతం గానీ, అంతకు మించి గానీ ఉంటే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయవచ్చు.

ఈలోగా మెడ విరిపించడం, నాటు వైద్యుల చేత నడుము తొక్కించడం వద్దే వద్దు. బిగుసుకున్న వెన్నెముకకు చిన్న దెబ్బ తగిలినా కాళ్లు చేతులు పడిపోవచ్చు. కిందికి వేలాడే నులక మంచం తీసేసి, మోకాలి ఎత్తున గట్టి మంచం వేయండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా లైటు వెలగనివ్వండి. గడపల దగ్గర, బాత్రూం గోడకు పట్టుకునే కమ్మీ బిగించండి. జారే హవాయి చెప్పులకు బదులు వెనక పట్టీ ఉన్నవి కొనండి.

హైదరాబాద్‌కు మార్చడం గురించి అడిగారు. పరీక్షలకు పది రోజులు తీసుకురావడం వేరు, ఊరి నుంచి పెకిలించడం వేరు. పొద్దున రచ్చబండ దాకా నడిచి నలుగురితో మాట్లాడే మనిషిని మూడో అంతస్తులో కూర్చోబెడితే ఆ నాలుగు అడుగులూ ఆగిపోతాయని నా భయం. వ్యాధి ఏమిటో తేలాక, నడక నిలకడగా ఉంటే ఊళ్లోనే ఉండనివ్వండి, తేలేదాకా మాత్రం ఒంటరిగా బావి దగ్గరికి పోనివ్వకండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, వాడేసిన అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టర్ అడగకపోయినా చెప్పు జారిపోతున్న సంగతి ముందుగా చెప్పండి, ఎందుకంటే మీ నాన్నగారు నడుము నొప్పి గురించి మాత్రమే చెబుతారు.