స్టెరాయిడ్ రోజుల్లో బాబు ఏడుపు, బడి భయం: మా ఇంట్లో ఏం చేశామంటే

ఐదేళ్ల బాబు లుకేమియా (రక్త క్యాన్సర్) మెయింటెనెన్స్‌లో, అంటే జబ్బు తిరిగి రాకుండా చాలాకాలం మందులు వాడే దశలో ఉన్నాడు, స్టెరాయిడ్ ఇచ్చే ఐదు రోజులూ అర్ధరాత్రి లేచి అన్నం కావాలని ఏడుస్తున్నాడు, బడికి పంపాలంటే భయమేస్తోంది అని రాశారు కదండీ. మా పాపకూ ఇలాగే ఉండేది. అది మొండితనం కాదమ్మా, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ మందు ఆకలినీ చిరాకునీ పెంచేస్తుంది, ఆపాక కొద్ది రోజులకు తగ్గిపోతుంది, దయచేసి తిట్టకండి. మేము రవ్వ వేయించి ఉంచుకుని, ఏ రాత్రి లేచినా ఉప్పు తగ్గించి వేడివేడి ఉప్మా చేసి పెట్టేవాళ్ళం. మాత్ర ఉదయం పూట టిఫిన్ తిన్నాక ఇవ్వొచ్చా అని డాక్టరుని అడగండి, నిద్ర కాస్త మెరుగవుతుంది.

ఈ దశలో ఇచ్చే ఇంకో క్యాన్సర్ మాత్ర మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కసారే, పొరపాటున కూడా రోజూ వేయకూడదు. మేము క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టేవాళ్ళం.

బడికి, డాక్టరు కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) చూసి సరేనంటే పంపండి, పిల్లలతో ఆడుకోవడం వాడికి చాలా అవసరం. క్లాసులో ఎవరికైనా అమ్మవారు పోసినా, తట్టు వచ్చినా వెంటనే ఫోన్ చేయమని టీచరుకి చెప్పి ఉంచండి, తెలిసిన రోజే హాస్పిటల్‌కి చెప్పాలి. జ్వరం 100.4°F కి చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, అర్ధరాత్రయినా బయల్దేరండి. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే బ్యాగు, ఫైలు మా ఇంట్లో తలుపు పక్కనే ఉండేవి.