పీహెచ్‌డీ గైడ్ రెండు నెలలుగా నా థీసిస్ చాప్టర్ చూడట్లేదు, ఏం చేయాలి? - సమాధానం

సార్‌కి ఇంట్రెస్ట్ లేక కాదండీ, మీరు అరవై పేజీలు పంపి "చూడండి సార్" అన్నారు కదా, అక్కడే ఆగింది. ప్రొఫెసర్ కింద 8 మంది దాకా స్కాలర్లు ఉండొచ్చు, పైగా పేపర్ల వాల్యుయేషన్ ఒకటి.

1. ఈసారి ఐదు పేజీలే పంపండి, పైన ఒకటే ప్రశ్న రాయండి: "శాంపిల్ గుంటూరు వరకే చాలా, కృష్ణా కూడా కలపనా?"

2. అందరూ వదిలేసేది ఇదే. సార్‌ని కలిసి వచ్చిన రోజే, విజయవాడ బస్సులో కూర్చునైనా సరే, ఏం అనుకున్నారో, మీరేం ఇస్తారో, ఎప్పటికిస్తారో నాలుగు లైన్లు మెయిల్ కొట్టండి. వాట్సాప్‌లో వద్దు, గుడ్ మార్నింగ్ ఫొటోల కింద పోతుంది. తర్వాతి మీటింగ్ ఆ మెయిల్ తెరిచే మొదలెట్టండి, "నేనలా అన్లేదే" అనే గొడవుండదు.

3. అప్పటికీ కదలకపోతే, యూజీసీ (యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) 2022 పీహెచ్‌డీ రూల్స్ ప్రకారం ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలిగా, ఆ డేట్ గుర్తుచేసి డ్రాఫ్ట్ ఇవ్వండి.